డీవో సీటు వచ్చింది, ఎండీ రాలేదు. చేరాలా, ఏడాది ఆగాలా?

డాలస్ దగ్గర ఉంటున్న ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మాయికి మెడికల్ ఎంట్రన్స్ పరీక్ష ఎంకాట్‌లో 505, జీపీఏ 3.6. మిడ్‌వెస్ట్‌లో ఒక ప్రైవేటు ఆస్టియోపతిక్ కాలేజీలో (మామూలు వైద్యంతో పాటు చేత్తో చేసే వైద్యం కూడా నేర్పేది) డీవో, అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్ సీటు వచ్చింది. ఎండీ కాలేజీలు ఇంటర్వ్యూకి కూడా పిలవలేదు. డీవో అంటే అసలు డాక్టరేనా, ఏడాది ఆగి మళ్లీ ఎండీకి ప్రయత్నించాలా, కరేబియన్ దీవుల్లో ఎండీ ఇస్తామంటున్నారు అది మేలా అని అడిగారు. డిపాజిట్ కట్టడానికి రెండు వారాలే ఉందట, ఇంట్లో అందరూ టెన్షన్‌లో ఉన్నారట.

అయ్యా, ముందు మీ అమ్మాయికి అభినందనలు. మీరు రాసిందంతా రెండుసార్లు చదివాను. ఆ ఒక్క మాటా ఎక్కడా కనపడలేదు, అందుకే నేను చెప్తున్నాను.

ఇక సూటిగా జవాబు. చేరమనండి. డీవో అమెరికాలో పూర్తి స్థాయి డాక్టరు. కరేబియన్ ఆలోచన పక్కన పెట్టండి. ఏడాది ఆగడం రెండు మూడు సందర్భాల్లోనే అర్థవంతం, అవి కింద చెప్తాను. కానీ డిపాజిట్ కట్టే ముందు ఆ కాలేజీని ఒక్క విషయం గట్టిగా అడగాలి: మూడో సంవత్సరంలో పిల్లల్ని ఏ ఆసుపత్రులకు పంపిస్తారు? పేరు పక్కన ఎండీ ఉందా డీవో ఉందా అన్నదానికంటే మీ అమ్మాయి భవిష్యత్తు దీనిమీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. గుంటూరులో బీఫార్మసీ చదివి ఇక్కడికి ఎమ్మెస్‌కి వచ్చాను. కొన్నాళ్లు ఉద్యోగం చేశాక, కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ మళ్లీ మొదటి నుంచి చదివి, ముప్పై దాటాక డీవో కాలేజీలో చేరాను. 2012లో పట్టా, 2015లో రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణ) పూర్తయ్యాయి. అప్పటి నుంచి మిషిగన్‌లో ఫ్యామిలీ మెడిసిన్ చేస్తున్నాను. ఏటా నలుగురైదుగురు డీవో విద్యార్థులు నా క్లినిక్‌కి రొటేషన్‌కి, అంటే ఒక్కో విభాగంలో కొన్ని వారాలు చేసే శిక్షణకి వస్తారు. అడ్మిషన్ ఇంటర్వ్యూలు కూడా కొన్నేళ్లుగా చేస్తున్నాను.

మన వాళ్ల అయోమయం ఎక్కడ మొదలవుతుందంటే ఎండీ అనే మాట దగ్గరే. ఇండియాలో ఎండీ అంటే ఎంబీబీఎస్ తర్వాత చదివే పీజీ. అమెరికాలో ఎండీ అంటే మొదటి వైద్య డిగ్రీ, మన ఎంబీబీఎస్ ఉండే చోట ఉంటుంది. స్పెషలైజేషన్ అంతా ఆ తర్వాత రెసిడెన్సీలో. డీవో కూడా సరిగ్గా అదే మెట్టు మీద ఉండే ఇంకో డిగ్రీ. ఈ తేడా తెలియని వాళ్లకి మీరు ఫోన్ చేసి "ఎండీ రాలేదు, డీవో వచ్చింది" అంటే "పీజీ రాలేదు, డిప్లొమా వచ్చింది" అని వినపడుతుంది. పైగా ఇండియాలో డీవో అనే డిప్లొమా నిజంగానే ఉంది, అది కంటి వైద్యంలో. రిటైరైన సివిల్ సర్జన్ మా పెద్దమామయ్యగారు నా గ్రాడ్యుయేషన్ ఫొటో చూసి "ఇంత కష్టపడి కళ్ల డిప్లొమా చేశావా అమ్మా" అన్నారు. అత్తయ్యగారు హోమియోపతి అనుకున్నారు. చిత్తూరు వైపు చుట్టం ఒకాయన "మా పుత్తూరు కట్టు లాంటిదేనా?" అని అడిగాడు.

ఆ చివరి ఆయన మాట మరీ అంత తప్పేం కాదు. ఈ విద్యను మొదలుపెట్టిన ఆండ్రూ టేలర్ స్టిల్ తన గురించి తానే "మెరుపు వేగంతో ఎముకలు సరిచేసేవాడు" అని ప్రకటనలు వేసుకున్నాడు. ఆయన 1864లో మెనింజైటిస్‌తో (మెదడు పొరల వాపు) ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్నాడు. అప్పటి వైద్యం అంటే పాదరసం మందులు, నల్లమందు, సారా. వాటి మీద విరక్తి పుట్టి 1874లో తన పద్ధతిని ప్రకటించాడు. 1892లో మిస్సోరిలోని కిర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టాడు. మొదటి బ్యాచ్‌లోనే ఆడవాళ్లను చేర్చుకున్నాడు, ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. మందులంటే ఆయనకు మహా కోపం. ఇప్పుడు నేను రోజూ రాసే ప్రిస్క్రిప్షన్లు చూస్తే నన్ను కాలేజీ గేటు కూడా దాటనిచ్చేవాడు కాదేమో. కాలక్రమంలో ఈ కాలేజీలు మందులు, సర్జరీ అన్నీ కలుపుకుని పూర్తి వైద్య కళాశాలలు అయ్యాయి. చేత్తో చేసే వైద్యం మాత్రం అదనంగా మిగిలింది.

పేరు వెనక అక్షరాల విలువ ఎంతో తెలియాలంటే 1962లో కాలిఫోర్నియాలో జరిగింది చెప్పాలి. అక్కడి డీవోలను తమలో కలుపుకోవాలని ఎండీల సంఘం ఒప్పందం చేసుకుంది. 65 డాలర్లు కట్టిన డీవోకి ఎండీ పట్టా ఇచ్చారు. రెండు వేల మందికి పైగా తీసుకున్నారు. నిన్న ఆపరేషన్ చేసినాయనే ఈరోజూ చేశాడు, అవే చేతులు, అదే కత్తి, బోర్డు మీద అక్షరాలు మాత్రం మారాయి. ఆ రాష్ట్రంలో కొత్త డీవోలకు లైసెన్సులు ఆపేశారు. 1974లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పుతో మళ్లీ తలుపు తెరుచుకుంది. మరి 65 డాలర్లతో మారిపోయే తేడా అసలు ఎంత తేడా?

ఇప్పటి పరిస్థితికి వద్దాం. యాభై రాష్ట్రాల్లోనూ డీవోకి ఎండీతో సమానంగా లైసెన్సు. మందులు రాయొచ్చు, గుండె కోయొచ్చు, మత్తు ఇవ్వొచ్చు. జీతంలో తేడా లేదు, ఆసుపత్రి మీ పని చూసి ఇస్తుంది. కాలిఫోర్నియా, మిషిగన్, ఫ్లోరిడా లాంటి కొన్ని రాష్ట్రాల్లో డీవోలకు విడిగా లైసెన్సింగ్ బోర్డు ఉంటుంది, అంతే. అమెరికా సైన్యం 1960ల మధ్య దాకా డీవోలను డాక్టర్లుగా తీసుకోలేదు. అదే సైన్యానికి 1996లో రొనాల్డ్ బ్లాంక్ అనే డీవో సర్జన్ జనరల్ (సైనిక వైద్య విభాగం అధిపతి) అయ్యారు. ట్రంప్ మొదటిసారి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆయనకి వైద్యం చేసిన షాన్ కాన్లీ, బైడెన్‌కి వైద్యం చేసిన కెవిన్ ఓకానర్, ఇద్దరూ డీవోలే. మీ బంధువులకు చరిత్ర అంతా చెప్పనక్కర్లేదు, ఈ ఒక్క వాక్యం చెప్పండి, చాలు.

ఒక జాగ్రత్త. లండన్‌లో ఉన్న మీ కజిన్ "మా ఇంటి పక్క ఆస్టియోపత్ ఉన్నాడు, డాక్టర్ కాదు కదా" అంటే ఆయన మాటా నిజమే. బ్రిటన్‌లో ఆస్టియోపత్ అంటే చేత్తో చికిత్స చేసే వృత్తి, 1993 చట్టం కింద విడిగా నమోదవుతారు, మందులు రాయరు. అమెరికా డీవో అది కాదు. రెండు చోట్లా పేరు ఒకటే కావడంతో వచ్చిన తంటా ఇది. రేపు మీ అమ్మాయి ఇండియాలోనో మరో దేశంలోనో ప్రాక్టీసు చేయాలనుకుంటే అక్కడి మెడికల్ కమిషన్‌కి ముందుగానే రాసి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. ఎవరో అన్నారని నమ్మకూడదు, నేనన్నా సరే.

చదువులో తేడా ఏమిటంటే ఆ చేతి వైద్యం. ఎండీ కాలేజీలో చెప్పేవన్నీ చెప్తారు, దానికి తోడు సుమారు 200 గంటలు ఎముకలు, కండరాలు, కీళ్లను చేత్తో పరీక్షించి సరిచేయడం నేర్పుతారు. మొదటి రెండేళ్లు వారానికోసారి ల్యాబ్. అందులో పేషెంట్లు ఎవరూ ఉండరు, ఒకరి మీద ఒకరు నేర్చుకోవడమే. షార్ట్స్, స్లీవ్‌లెస్ బనియన్ వేసుకుని బల్ల మీద పడుకుంటే క్లాస్‌మేట్ మీ పక్కటెముకలు లెక్కపెడతాడు. మొదటి వారం నేను సిగ్గుతో చచ్చాను. గుంటూరు వాళ్లం, చెల్లెలి ముందు కూడా చీర మార్చుకోని రకం. మూడో వారానికి సిగ్గు పోయి "నీ ఎడమ భుజం నిన్నటికంటే గట్టిగా ఉందేం" అని అడిగే స్థితికి వచ్చాను. మీ అమ్మాయికి ఇది ముందే చెప్పండి. బట్టల విషయంలో ఇబ్బంది ఉంటే, మతపరమైన కారణాలుంటే కాలేజీలు సర్దుబాటు చేస్తాయి, అడగాలి.

ఇది నిజంగా పనిచేస్తుందా అని మీరు అడగలేదు కానీ, మీ అమ్మాయి అడుగుతుంది. నడుం నొప్పికి పనిచేస్తుంది. 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, మామూలు వైద్యం పొందినవాళ్లూ ఈ చేతి వైద్యం పొందినవాళ్లూ దాదాపు ఒకేలా కోలుకున్నారు, రెండోవాళ్లకి మందులు తక్కువ పట్టాయి. అంతకంటే గొప్పలు చెప్పేవాళ్లని నేను నమ్మను. పుర్రె ఎముకల కదలికను వేళ్లతో పట్టుకుని జబ్బులు నయం చేస్తామనే భాగం ఒకటి సిలబస్‌లో ఇంకా ఉంది. పరీక్ష కోసం చదివాను, రాశాను, వదిలేశాను. మా కాలేజీలోనే దాన్ని ప్రాణంగా చూసుకునే ప్రొఫెసర్లు ఉండేవాళ్లు, మంచివాళ్లే, కానీ ఆధారాలు బలహీనం. చాలామంది డీవోలు రెసిడెన్సీ తర్వాత చేతి వైద్యం ముట్టుకోరు. నేను వారంలో ఒక పూట దానికే పెట్టుకున్నాను. ఎందుకు ఒక పూటే అంటే, మామూలు విజిట్ పదిహేను ఇరవై నిమిషాలు. అందులో బీపీ, షుగరు, మందులు మాట్లాడి, కంప్యూటర్‌లో రాసి, మళ్లీ నడుం సరిచేయాలంటే గడియారం ఒప్పుకోదు.

అయినా ఆ 200 గంటలు వృథా కాదని ఒక అనుభవంతో చెప్తాను. డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకరు వచ్చారు. పక్కింటాయనకి నేను నడుం సరిచేశానట. "నాక్కూడా ఆ టక్కుమనిపించేది చెయ్యండి" అన్నారు. బోర్లా పడుకోబెట్టి వెన్ను తడిమాను. కండరం పట్టేసిన నడుం చేతికి ఒక రకంగా తెలుస్తుంది, అది కాదు ఇది. ఒక్క పూస మీద మెల్లగా తడితే ఉలిక్కిపడ్డారు. రాత్రుళ్లు నొప్పి ఎక్కువా అని అడిగితే అవునన్నారు, బెల్టు రెండు రంధ్రాలు లోపలికి వచ్చిందన్నారు. టక్కుమనిపించలేదు, స్కాన్‌కి పంపాను. ప్రొస్టేట్ క్యాన్సర్ వెన్నుకి పాకింది. ఆ పూస మీద ఒక్క తోపు తోసి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను. చేతి వైద్యం నేర్పేటప్పుడు మాకు ముందు చెప్పేది ఎవరి మీద చేయకూడదో: ఎముకలు గుల్లబారినవాళ్లు, క్యాన్సర్ ఎముకకి పాకినవాళ్లు, మెడ విషయంలో అయితే రుమటాయిడ్ ఆర్థరైటిస్, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు. చేయి ఎప్పుడు ఆపాలో తెలియాలంటే పూర్తి వైద్యం చదివి ఉండాలి.

ఇక అసలు విషయం, రొటేషన్లు. మొదటి రెండేళ్లు క్లాసురూమే. మూడో సంవత్సరం నుంచి ఆసుపత్రి: ఇంటర్నల్ మెడిసిన్, సర్జరీ, పిల్లల వైద్యం, ప్రసూతి, సైకియాట్రీ, ఫ్యామిలీ మెడిసిన్. చాలా ఎండీ కాలేజీలకు పక్కనే సొంత బోధనాసుపత్రి ఉంటుంది. చాలా డీవో కాలేజీలకు ఉండదు. అవి చుట్టుపక్కల, కొన్నిసార్లు పక్క రాష్ట్రంలో, ఆసుపత్రులతో ఒప్పందం పెట్టుకుని పిల్లల్ని పంపిస్తాయి. మంచి చోటు దొరికితే బంగారం. నాకు ప్రసూతి విభాగంలో అలా దొరికింది, నాలుగు వారాల్లో ఇరవై కాన్పులకు చేయి వేశాను. అదే పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రి అయితే నా ముందు ముగ్గురు రెసిడెంట్లు నిలబడేవాళ్లు, నేను వెనక నుంచి మునివేళ్ల మీద చూసేదాన్ని. సర్జరీకి మాత్రం వారానికి రెండు ఆపరేషన్లు చేసే ఒక పెద్దాయన దగ్గర పడ్డాను. ఆయన ఎంతో ఆప్యాయంగా మాట్లాడేవారు, కానీ నేను కుట్లు వేయడం నేర్చుకున్నది యూట్యూబ్‌లో, అరటితొక్కల మీద.

నా దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థినికి ఇంకా ఘోరం. ఆమె రొటేషన్ చేయాల్సిన ఆసుపత్రి కాలేజీతో ఒప్పందం రద్దు చేసుకుంది. నెల రోజుల ముందు చెప్పి నాలుగు గంటల దూరంలో ఉన్న ఊరికి వెళ్లమన్నారు. అపార్ట్‌మెంట్ లీజు ఇక్కడ, పని అక్కడ. ఆ ఏడాది ఆమె రెండు చోట్లా అద్దె కట్టింది.

అందుకని డిపాజిట్ కట్టే ముందు మీ అమ్మాయి (మీరు కాదు, ఆమె) కాలేజీకి ఫోన్ చేసి ఇవి అడగాలి. మూడో ఏడాది మెయిన్ రొటేషన్లు ఏ ఆసుపత్రుల్లో, వాటిలో రెసిడెన్సీ ప్రోగ్రాములు ఉన్నాయా? రెసిడెంట్లు ఉన్న చోట పని చేస్తేనే రెసిడెంట్ బతుకు ఎలా ఉంటుందో తెలుస్తుంది, బరువున్న సిఫారసు లేఖలూ అక్కడే వస్తాయి. చోటు లాటరీలో ఇస్తారా, ఎంచుకోనిస్తారా? ఏడాది మధ్యలో ఊరు మారాలా? కాలేజీ కొత్తదైతే ఇంకా జాగ్రత్త. మొదటి బ్యాచ్ బయటికి వచ్చేదాకా దానికి పూర్తి గుర్తింపు ఉండదు, చూపించడానికి గత ఫలితాలూ ఉండవు.

కాలేజీ బ్రోషర్‌లో "99 శాతం ప్లేస్‌మెంట్" అని ఉంటుంది. అది చూసి మురిసిపోకండి. ప్లేస్‌మెంట్ వేరు, మ్యాచ్ వేరు. మ్యాచ్ అంటే పిల్లలు కోరుకున్న జాబితాలో ఒక రెసిడెన్సీ దొరకడం. దొరకని వాళ్లు ఆ వారంలోనే మిగిలిపోయిన సీట్ల కోసం పరుగెత్తుతారు. అలా ఏదో ఒక్క ఏడాదికే ఇచ్చే శిక్షణ సీటు పట్టుకున్నవాళ్లను కూడా కలిపి లెక్కేస్తే 99 అవుతుంది. మ్యాచ్ శాతం విడిగా ఎంత, ఏ స్పెషాలిటీలో ఎంతమంది అని అడగాలి. బోర్డు పరీక్ష (లైసెన్సు పరీక్ష) మొదటి ప్రయత్నంలో ఎంతమంది పాసయ్యారో కూడా.

దేశం మొత్తం మీద చూస్తే డీవో పిల్లల పరిస్థితి బాగానే ఉంది. 2024 మ్యాచ్‌లో అమెరికా ఎండీ ఫైనలియర్ వాళ్లలో 93.5 శాతం, డీవో ఫైనలియర్ వాళ్లలో 92.3 శాతం మందికి రెసిడెన్సీ దొరికింది. ఇప్పుడు కరేబియన్ ప్రశ్నకు జవాబు: కరేబియన్‌తో సహా విదేశాల్లో చదివిన అమెరికా పౌరుల్లో అదే ఏడాది దొరికింది 67 శాతం మందికే. అదీ చివరిదాకా నిలబడి మ్యాచ్‌కి వచ్చినవాళ్లలో. మధ్యలో రాలిపోయినవాళ్లు ఆ లెక్కలోకే రారు. మూడేళ్లు ఫీజు కట్టి వెనక్కి వచ్చేసిన మన పిల్లలు నాకు ఇద్దరు తెలుసు. ఎండీ అనే రెండక్షరాల కోసం ఆ జూదం ఆడొద్దు.

నా రోజుల్లో డీవోలకు విడిగా రెసిడెన్సీలు, విడిగా మ్యాచ్ ఉండేవి, నేను అందులోనే దొరికించుకున్నాను. 2020 నుంచి అంతా ఒకటే వ్యవస్థ. ఇది మంచిదే, కానీ దాంతో ఒక తలనొప్పి వచ్చింది. డీవోల లైసెన్సు పరీక్ష కామ్‌లెక్స్, ఎండీలది యూఎస్ఎంఎల్ఈ. కామ్‌లెక్స్ స్కోరును ఎలా చదవాలో తెలియని ప్రోగ్రాం డైరెక్టర్లు ఇప్పటికీ ఉన్నారు. అందుకని చాలామంది డీవో పిల్లలు రెండూ రాస్తారు, రెండింటికీ ఫీజులు, రెండింతల చదువు. 2022లో రెండు పరీక్షల్లోనూ మొదటి దశ పాస్ ఫెయిల్‌గా మారింది కాబట్టి ఇప్పుడు రెండో దశ మార్కులే చూస్తున్నారు. నా దగ్గరకు వచ్చే పిల్లలకు చెప్పేది ఇది: ఫ్యామిలీ మెడిసిన్, పిల్లల వైద్యం, సైకియాట్రీ అనుకుంటే కామ్‌లెక్స్ చాలావరకు సరిపోతుంది. పెద్ద యూనివర్సిటీలో ఇంటర్నల్ మెడిసిన్, అనస్థీషియా, రేడియాలజీ, సర్జరీ అనుకుంటే యూఎస్ఎంఎల్ఈ రెండో దశ కూడా రాయండి.

వివక్ష అసలు లేదని చెప్తే అబద్ధం. చర్మ వ్యాధులు, ప్లాస్టిక్ సర్జరీ, న్యూరోసర్జరీ లాంటి వాటిలో డీవోని ఇంటర్వ్యూకి పిలవని ప్రోగ్రాములు ఉన్నాయి. పైకి చెప్పరు, వాళ్ల రెసిడెంట్ల జాబితా చూస్తే అర్థమవుతుంది. అసాధ్యం కాదు, చేరినవాళ్లు ఉన్నారు, కానీ ఎండీ కంటే ఎక్కువ ఎక్కాలి. రెసిడెన్సీ అయిపోయాక మాత్రం ఎవరూ అడగరు. పదేళ్లలో నన్ను "మీరు డీవోనా, ఎండీనా" అని అడిగిన అమెరికన్ పేషెంట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తెలుగు వాళ్లు మాత్రం అడుగుతారు, సాధారణంగా పెళ్లి సంబంధాల సీజన్‌లో.

ఏడాది ఆగడం ఎప్పుడు సబబు? మీ అమ్మాయి ఆ మూడు నాలుగు స్పెషాలిటీల్లో ఒకదాని కోసమే బతుకుతున్నట్టయితే. లేదా దరఖాస్తులో సరిచేయగలిగే లోపం స్పష్టంగా కనపడితే: ఎంకాట్ రోజు జ్వరం వచ్చింది, ప్రాక్టీసు టెస్టుల్లో 513 వచ్చేది, అలాంటిది. లేదా దరఖాస్తులు మరీ ఆలస్యంగా వేసి ఉంటే. ఎండీలో చేరేవాళ్ల సగటు ఎంకాట్ 511, 512 దగ్గర ఉంటుంది, డీవోలో 504 దగ్గర. 505ని 512 చేయడం ఏడాదిలో జరగొచ్చు, జరగకపోనూవచ్చు. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది రెండు మూడు మార్కుల దగ్గర ఆగిపోయారు. ఇంకోటి, చేతిలో ఉన్న సీటు వదిలేసి వచ్చే ఏడు మళ్లీ అదే తలుపు తడితే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. నేనైతే అడుగుతాను. ఒక ఏడాది ఆలస్యమంటే ఆ చివర్లో ఒక ఏడాది డాక్టరు జీతం పోవడమే అని కూడా లెక్కేసుకోండి.

మీరు టెక్సస్ వాళ్లు కాబట్టి ఒక మాట అడగాలి. ఫోర్ట్‌వర్త్‌లోని టెక్సస్ కాలేజ్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్‌కి దరఖాస్తు చేశారా? అది రాష్ట్ర ప్రభుత్వ కాలేజీ, అక్కడి నివాసులకు ఫీజు ప్రైవేటు కాలేజీ ఫీజులో మూడో వంతు కూడా ఉండదు. దానికి దరఖాస్తు టెక్సస్ వాళ్ల సొంత విధానంలో వేయాలి, మిగతా డీవో కాలేజీల పోర్టల్‌లో కాదు. చాలామంది మన వాళ్లకి ఇది తెలియక జారిపోతుంది. అక్కడ వెయిట్‌లిస్టులో ఉంటే ఇంకా ఆశ వదులుకోకండి.

డబ్బు సంగతి దాచకుండా మాట్లాడుకోవాలి. ప్రైవేటు డీవో కాలేజీలో ట్యూషన్ ఏడాదికి 60 వేల డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది, ఇల్లు, తిండి, కారు కలిపితే 85, 90 వేలు. నేను చదివినప్పుడు ఆ మొత్తం ఫెడరల్ ప్రభుత్వమే అప్పు ఇచ్చేది. నేను 2 లక్షల 20 వేల డాలర్ల అప్పుతో బయటికి వచ్చాను. రెసిడెన్సీ, ఆ తర్వాత ఉద్యోగం రెండూ లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లోనే చేసి, 120 నెలలు కిస్తీలు కట్టాక మిగిలింది మాఫీ అయింది. 2025లో వచ్చిన చట్టంతో రూలు మారింది. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే మెడికల్ విద్యార్థికి ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షల డాలర్లకు మించదు. మిగతాది ప్రైవేటు బ్యాంకు అప్పో, మీ చేతి డబ్బో. ప్రైవేటు అప్పుకి ఆ మాఫీ వర్తించదు. డిపాజిట్‌కి ముందే కూర్చుని నాలుగేళ్ల లెక్క కాగితం మీద వేయండి.

ఇంకో ప్రశ్న, మీరు రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. మీ అమ్మాయి పౌరురాలా, గ్రీన్ కార్డు ఉందా, లేక హెచ్4 (తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడే వీసా) మీద ఉండి 21 దాటి ఎఫ్1కి (విద్యార్థి వీసా) మారిందా? మూడోదైతే కథ వేరు. ఫెడరల్ అప్పు రాదు. అంతర్జాతీయ విద్యార్థులను తీసుకోని డీవో కాలేజీలు చాలా ఉన్నాయి. తీసుకునేవాటిలో కొన్ని ముందుగానే ఫీజు డబ్బు బ్యాంకులో చూపించమంటాయి. తర్వాత రెసిడెన్సీకి కూడా వీసా ఇచ్చే ప్రోగ్రాములే వెతుక్కోవాలి. ఇక్కడే పెరిగి, ఇక్కడే హైస్కూల్ చదివి, ఈ కారణంతో సీటు వదులుకున్న తెలుగు పిల్లాడిని నేను ఇంటర్వ్యూ చేశాను. అతని ముందు ఏం మాట్లాడాలో నాకు తోచలేదు.

రెసిడెన్సీ గురించి ఇప్పుడే భయపెట్టను. వారానికి సగటున 80 గంటల పరిమితి ఉంది, అది కూడా చాలా ఎక్కువే. జీతం అరవై, డెబ్బై వేల మధ్య మొదలవుతుంది. ఫ్యామిలీ మెడిసిన్ మూడేళ్లు, జనరల్ సర్జరీ ఐదు, న్యూరోసర్జరీ ఏడు. ఇవన్నీ ఎండీకైనా డీవోకైనా ఒకటే. నేను ఇప్పుడు రోజుకి ఇరవై మందిని చూస్తాను, ఇంటికొచ్చి అన్నం తిన్నాక గంటసేపు చార్టులు రాస్తాను. మా ఆయన దాన్ని "రెండో షిఫ్టు" అంటారు. ఈ రెండో షిఫ్టు గురించి ఎవరూ బ్రోషర్‌లో వేయరు.

మీ ప్రశ్నలో మీరేమనుకుంటున్నారో ఉంది, మీ శ్రీమతి ఏమనుకుంటున్నారో ఉంది, హైదరాబాద్‌లో మీ అన్నయ్యగారు ఏమన్నారో కూడా ఉంది. అమ్మాయి ఏమంటోందో లేదు. ఆమెకు ఆ కాలేజీ నచ్చిందా? క్యాంపస్ చూసి వచ్చాక మొహం ఎలా ఉంది? ఈ వారాంతంలో అడగండి. ఆమె "వెళ్తాను" అంటే, రొటేషన్ల జాబితా, మ్యాచ్ జాబితా కాలేజీ నుంచి తెప్పించమనండి. కాలేజీ పేరు తీసేసి ఇక్కడ పెడితే, ఏ ఆసుపత్రి ఎలాంటిదో నాకు తెలిసినంతవరకు చూసి చెప్తాను. బుధవారం నాకు క్లినిక్ లేదు, ఆ రోజైతే తీరిగ్గా చూడగలను.